దయ్యం ఫిర్యాదు: తొంభైల తొలి ఏళ్ల భయానక చిత్రాల గురించి

మన విమర్శ దయ్యాల సినిమాల లెక్కను ఒక్క వాక్యంతో తేల్చేస్తుంది: "మూఢ నమ్మకాలను పెంచుతున్నాయి." ఆ మాట అబద్ధం కాదు. కాని అది తీర్పే తప్ప విశ్లేషణ కాదు. 1980లలో క్షుద్ర నవలల మీద మనవాళ్లు గట్టిగానే పోరాడారు. 'తులసిదళం' మీద రంగనాయకమ్మ రాసిన ఘాటైన విమర్శ ఆ తరం పాఠకులకు ఇప్పటికీ గుర్తే. ఆ తర్వాతి దశాబ్దం మొదట్లో వచ్చిన సినిమాల దగ్గరికి వచ్చేసరికి ఆ శ్రద్ధ సన్నగిల్లింది. ముప్పై ఏళ్ల దూరం నుంచి ఆ సినిమాలను మళ్ళీ చూస్తుంటే నాకు తోచిన సంగతి ఇది. వాటిలో దయ్యం చాలాసార్లు అన్యాయంగా చచ్చిన మనిషి, అందునా ఆడమనిషి. అంటే దయ్యం ఒక ఫిర్యాదు. సినిమా ఆ ఫిర్యాదును మనకు వినిపిస్తుంది. వినిపించి, మాంత్రికుడి చేత కొట్టివేయిస్తుంది.

ఈ మాట నిలబడాలంటే ముందు కొంచెం పాఠం అవసరం. విద్యార్థులకు రసప్రకరణం గుర్తుండే ఉంటుంది. భయానకానికి స్థాయీభావం భయం. దేన్ని చూసి భయం పుడుతుందో అది ఆలంబన విభావం. ఆ భయాన్ని ఎగదోసేవి ఉద్దీపన విభావాలు. శూన్యగృహాన్నీ అరణ్యాన్నీ భరతుడే భయానక విభావాల్లో చెప్పాడు. పాడుబడ్డ బంగళా మన సినిమావాళ్లు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. తలుపు కిర్రుమనడం, నేలకు దగ్గరగా జారుకుంటూ పోయే కెమెరా, ఉన్నట్టుండి ఆగిపోయే సంగీతం ఇవన్నీ ఉద్దీపనలు. మన సమీక్షకులు తొంభై వంతులు వీటినే మెచ్చుకుంటారు, లేదా వీటినే తిడతారు. అసలు ప్రశ్న ఆలంబన గురించి వెయ్యాలి. ఈ కథ నన్ను ఎవరిని చూసి భయపడమంటున్నది?

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం'లో ఆ స్థానం అడవిలోని గిరిజన మాంత్రికుడిది. ప్రమాదం నగరంలోని కలవారి పాపకు. డబ్బు కోసం ఆ పాప చావు కోరుకునేది నాగరికులే. అయినా పాఠకుడి ఒళ్లు జలదరించేది కాద్రా పేరు వింటేనే, ఆ నాగరికుల పేర్లు విన్నప్పుడు కాదు. నేరం చేయించినవాడి మీద కోపం, చేసినవాడి మీద భయం: ఈ పంపకంలోనే ఆ నవల వర్గదృష్టి ఉంది. దాని కొనసాగింపు 'తులసి' ఆధారంగా 1986లో 'కాష్మోరా' సినిమా వచ్చింది. అప్పటికి మన దయ్యం ఇంకా ఊరవతల, అడవిలోనే ఉంది.

హిందీలో రామ్సే సోదరుల వరస వేరు. 'పురానా మందిర్' 1984లో, 'వీరానా' 1988లో, 'బంద్ దర్వాజా' 1990లో వచ్చాయి. ఉర్దూ చెవిన పడుతూ పెరిగిన మా పాలమూరు వైపు ఈ సినిమాలకు భాష అడ్డం రాలేదు. వీటిలో దయ్యం ఠాకూర్ల హవేలీలో ఉంటుంది. 'పురానా మందిర్' కథలో వెనకటి రాజు చంపించిన సామ్రీ శాపం ఆ వంశపు ఆడవాళ్లను ప్రసవంలో బలి తీసుకుంటుంది. పెద్దలు చేసింది పిల్లలకు, అందులోనూ ఆడపిల్లలకు తగులుతుంది. ఇది మా ప్రాంతపు ప్రేక్షకుడికి తెలియని సంగతి కాదు. మా చుట్టుపక్కల కూలిన గడీలు ఎన్నో ఉన్నాయి. ఆ గోడల వైపు పోవద్దు, దయ్యాలున్నయి అని మా చిన్నప్పుడు పెద్దలు బెదిరించేవాళ్లు. ఆ గోడల మధ్య ఎవరితో వెట్టి చేయించారో, ఏ ఆడబిడ్డలు ఏడ్చారో మాత్రం చెప్పేవాళ్లు కాదు. దయ్యం అనే మాట అక్కడ చరిత్ర అనే మాటకు బదులు నిలబడింది. రామ్సేల రాక్షసుల ముఖాలకు పూసిన రంగు చూసి నవ్వుకోవచ్చు, నవ్వుకోవాలి కూడా. కాని ఆ హవేలీ ఎంపిక తెలివితక్కువది కాదు.

ఇక 1992. రాంగోపాల్ వర్మ 'శివ' 1989లో, 'క్షణ క్షణం' 1991లో వచ్చాయి. తర్వాత తెలుగులో 'రాత్రి', హిందీలో 'రాత్'. 1973 నాటి అమెరికన్ చిత్రం 'ది ఎగ్జార్సిస్ట్' నీడ దీని మీద స్పష్టంగానే ఉంది. ఒక మధ్యతరగతి కుటుంబం కొత్త ఇంట్లోకి దిగుతుంది. తండ్రి కారు కింద ఒక పిల్లి నలిగిపోతుంది. కాలేజీ పిల్ల మినీని, అంటే రేవతిని, ఏదో పట్టుకుంటుంది. పనితనంలో దీనికి సాటివచ్చే భయానక చిత్రం అంతకుముందు తెలుగులో లేదని నేననుకుంటాను. పగటి వెలుతురులోనే భయపెట్టగలగడం, మనుషులు లేని చోట తిరిగే కెమెరా, మణిశర్మ తొలి నేపథ్య సంగీతం, అన్నిటికంటే మించి రేవతి నటన. ఆమె కళ్లు ఖాళీ అయ్యే క్షణాలు చూడండి. దయ్యం మేకప్పుతో కాదు, మనిషి లోపలినుంచి తప్పుకోవడంతో తెలుస్తుంది.

ఈ సినిమాతో దయ్యం మకాం మారింది. అడవి పోయింది, హవేలీ పోయింది. కాలనీలో ఇల్లు, కారు, స్కూటరు, కాలేజీ, సినిమా హాలు వచ్చాయి. కాలం గమనించండి. 1991 జూలైలో ఆర్థిక సంస్కరణలు మొదలయ్యాయి. 1992లో జీ టీవీ వచ్చింది. 1993 నుంచి అందులో రామ్సేలే 'జీ హారర్ షో' నడిపారు. మధ్యతరగతికి సొంత ఇల్లు, సొంత వాహనం, సొంత టీవీ అందే దూరంలోకి వచ్చిన రోజులవి. సరిగ్గా అప్పుడే భయం ఆ ఇంట్లో కాపురం పెట్టింది. ఆశ ఎక్కడుంటే భయం అక్కడికే వస్తుంది కాబట్టి దీన్ని యాదృచ్ఛికం అని నేను అనుకోను. అయితే సంస్కరణలే ఈ సినిమాను పుట్టించాయని చెప్పడం యాంత్రికత అవుతుంది. పునాదికీ ఉపరితలానికీ మధ్య అంత పొట్టి నిచ్చెన ఉండదు.

'రాత్రి'లో ఆ ఇంటి కింద ఏముంది? వెనకట ఆ ఇంటి మగవాడి చేతిలో చచ్చిన ఆడమనిషి ఉంది. కథకు ఇదే మూలం. కాని మూలానికి సినిమా ఇచ్చిన చోటు ఎంత? కొన్ని మాటలు. మిగతా శ్రమంతా ఆమెను మినీ ఒంట్లోంచి, ఆ ఇంట్లోంచి వెళ్లగొట్టడానికే. ఓంపురి వేసిన తాంత్రికుడు దిగవలసింది ఆ నేలమాళిగలోకే. అక్కడ జరిగింది హత్య అన్న సంగతి అప్పటికి మనం మరచిపోయి ఉంటాం. ఆ రోజుల్లో టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని, వాడంతా కూర్చుని తెల్లవారేదాకా మూడు సినిమాలు చూసేవాళ్లం. పాలమూరు జనం సగం వలస పోయిన కాలం. పిల్లలమూ ముసలివాళ్లమే ఊళ్లో ఎక్కువ. 'రాత్రి' అయిపోయాక మేము బయటికి పోవడానికి జంకుతుంటే, చదువు రాని మా నాయనమ్మ అడిగిన మాట ఒక్కటే: "గామెను సంపినోని ముచ్చట గంతేనా?" ఆ సినిమా మీద నేను ఇప్పటిదాకా చదివిన సమీక్షలేవీ ఆ ప్రశ్న వెయ్యలేదు.

దీనికి ఎదురుగా అదే కాలంలో మా పల్లెల్లో జరుగుతున్నదాన్ని పెట్టి చూడాలి. సినిమాలో చచ్చిన ఆడమనిషి దయ్యం. పల్లెలో బతికున్న ఆడమనిషి మంత్రగత్తె. బాణామతి, చేతబడి పేరుతో మనుషులను కట్టేసి కొట్టడం, మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టడం, కాల్చి చంపడం తెలంగాణ పల్లెల్లో 1980లనుంచీ పత్రికలకు ఎక్కుతూనే ఉన్నాయి. నింద పడేది ఎవరి మీద? అండలేని ముసలిది, కాస్త చెలక మిగిలిన విధవ, మాటకు మాట చెప్పేది, చాలాచోట్ల దళితులు. పశువు చచ్చినా, పిల్లకు జ్వరం తగ్గకపోయినా ఆలంబన సిద్ధంగా ఉంటుంది. ఆ వేలు చూపించేది ఎవరు? భూతవైద్యుడు. సినిమాలో ఇంటిని కాపాడిన పెద్దమనిషి ఇక్కడ ఊరికి నేరస్తురాలిని ఎంచి ఇస్తాడు. 1988లో ఏర్పడ్డ జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊరూరా తిరిగి నిప్పుల మీద నడిచి, చేతుల్లోంచి బూడిద రాల్చి చూపి, అందులోని కిటుకు విప్పి చెప్పారు. వాళ్లు ఒక ఊళ్లో ఒక సాయంత్రం చెప్పగలిగేవాళ్లు. మంచి నటుడు వేసిన తాంత్రికుడు అన్ని ఊళ్లలో రాత్రంతా చెప్పేవాడు.

మన సాహిత్యంలో మాంత్రికుడికి వేరే గతి కూడా పట్టింది. 'కన్యాశుల్కం' మొదట ఆడింది 1892లో, 'రాత్రి'కి సరిగ్గా వందేళ్ల ముందు. మనం ఇప్పుడు చదువుకునే 1909 నాటి రూపంలో గవరయ్య ఉన్నాడు. దయ్యాన్ని సీసాలో బిగించానంటాడు. గురజాడ మనల్ని భయపెట్టడు, నవ్విస్తాడు. ఆ నవ్వు తేలిక నవ్వు కాదు. లుబ్ధావధాన్ల ఇంట్లో దయ్యం అన్నది నిజానికి కన్యను కొనుక్కున్న ముసలివాడి గుండెల్లోని భయం. అంటే ఆలంబన ఎక్కడుందో గురజాడ వేలుపెట్టి చూపించాడు. మా పిల్లలకు ఆ ఘట్టం చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. వందేళ్ల కింద సీసాతో నవ్వుల పాలైన మనిషి, రంగుల తెర మీద గంభీరమైన గొంతుతో తిరిగి గౌరవం ఎలా సంపాదించుకున్నాడా అని.

చాలా కాలం నిర్మాణంలో ఉండి 1995లో బయటికొచ్చిన 'అమ్మోరు' మనం చెప్పుకుంటున్న కాలానికి చివరి అంచు. కోడి రామకృష్ణ దర్శకుడు. అందులో క్షుద్ర మాంత్రికుడు గోరఖ్‌ను పోలీసులకు పట్టించేది సౌందర్య వేసిన భవాని. ఒక పేద పిల్ల సాక్ష్యం చెప్పడం, మాంత్రికుడు జైలుకు పోవడం: ఇక్కడ ఫిర్యాదు నమోదయింది! కాని సినిమాకు ఆ దారి రుచించలేదు. భవానికి అత్తింట జరిగే హింస ఏ ఇంట్లోనైనా జరిగే హింసే. దానికి విరుగుడు గ్రామదేవత దిగి రావడం. మసూచి కాలంలో దిక్కులేని జనం కొలుచుకున్న తల్లిని తెర మీద గ్రాఫిక్స్ వెలుగులో చూసి ఆడవాళ్లు పూనకాలు పోయారంటే నేను వెక్కిరించను. ఆమె తప్ప తమ మాట వినేవాళ్లు లేరని వాళ్లకు అనుభవం మీద తెలుసు. ఆ అనుభవాన్ని సొమ్ము చేసుకున్న సినిమా మీదే నా ఫిర్యాదు.

'దెయ్యం' 1996 నాటిది. వర్మే తీశాడు. 'రాత్రి' ముందు అది చాలా బలహీనమైన చిత్రం. కాని శ్మశానం నేల మీద లేచిన ఇల్లు, దాన్ని కొనుక్కున్న కుటుంబం అనే ఊహ మా జడ్చర్లలో కూర్చుని చూస్తే మరో అర్థం ఇస్తుంది. హైదరాబాదు రహదారి పొడుగునా ఇప్పుడు రాళ్లు పాతిన ప్లాట్లు. పక్కన పోలేపల్లిలో సెజ్ కోసం 2003లో మొదలైన భూసేకరణలో రైతుల పొలాలు పోయాయి. మందుల ఫ్యాక్టరీలు వచ్చాయి. ఈ నేల మీద ఇంతకుముందు ఎవరున్నారు అనే ప్రశ్న మా దగ్గర దయ్యాల కథలో ప్రశ్న కాదు, రెవెన్యూ రికార్డులో ప్రశ్న. ఆ ప్రశ్నతో నిజంగా వణికించే కథ ఒకటి పాలమూరు రచయిత ఎవరైనా రాస్తే చదవాలని ఉంది.

ఫిర్యాదును విన్న సినిమా ఆ కాలంలో లేకపోలేదు. అది తెలుగులో కాదు, మలయాళంలో వచ్చింది. 1993లో ఫాజిల్ తీసిన 'మణిచిత్రతాళు'. మధు ముట్టం రచన. తరవాడు పెద్ద చంపిన నర్తకి నాగవల్లి కథను గంగ, అంటే శోభన, తన మనసులో మోస్తుంది. చికిత్స చేసేది మనోవైద్యుడు సన్నీ. అతను తంత్రిని తరిమెయ్యడు. ఆ తంతునే చికిత్సకు రంగస్థలంగా వాడుకుంటాడు. హేతువాదులు కొందరు దీన్ని రాజీ అంటారు. నేను అనను. ఎందుకంటే ఆ రంగం మీద నాగవల్లికి దొరికేది ఉచ్చాటన కాదు, తనను చంపినవాడి మీద పగ తీర్చుకునే అవకాశం, బొమ్మ మీదైనా సరే. రోగి ఎవరో, నేరస్తుడు ఎవరో సినిమా కలగాపులగం చెయ్యలేదు. ఇదే కథ 2005లో 'చంద్రముఖి'గా మన దాకా వచ్చేసరికి కథానాయకుడి వీరత్వం ముందుకొచ్చి, నర్తకి దుఃఖం వెనక్కి పోయింది.

వర్మ 2003లో హిందీలో 'భూత్' తీశాడు. బొంబాయి ఫ్లాటు, హత్యకు గురైన స్త్రీ, ఆమె పట్టిన ఇల్లాలు. 'రాత్రి' కథే పదకొండేళ్ల తర్వాత మేడెక్కింది. ఈసారి హంతకుడు బతికే ఉన్నాడు, తప్పు ఒప్పుకున్నాడు, పోలీసు అధికారి ఉన్నాడు, లాకప్ ఉంది. మా నాయనమ్మ అడిగినవన్నీ ఉన్నాయి. 2013లో నరేంద్ర దాభోల్కర్ హత్య తర్వాత మహారాష్ట్ర తెచ్చిన మూఢాచార నిరోధక చట్టం అప్పటికి ఇంకా రాలేదు గాని, హత్యకు చట్టం ఎప్పటినుంచో ఉంది. అయినా 'భూత్' కోర్టు దాకా పోదు. ఉరి చాలదంటాడు ఆ అధికారి. హంతకుణ్ణి చీకటి గదిలో పెట్టి తలుపు వేస్తారు. శిక్ష వెయ్యడానికి ఆ గదిలోకి వచ్చేది మళ్ళీ దయ్యమే.