పచ్చబొట్టుకూ పథ్యముంది!

అనంతపురం జిల్లాలో ఏ పల్లెకైనా వెళ్లండి. అరుగు మీద కూర్చుని శనక్కాయలు ఒలుస్తున్న డెబ్బై దాటిన అవ్వ కనిపిస్తే ఒక్కసారి చేయి చూపించమనండి. ముంజేతి మీద పచ్చటి చుక్కలు, తేలు, తులసికోట... ఒకటో రెండో అక్షరాలు కూడా! ఆ పక్కనే, బెంగళూరులో ఉద్యోగం చేస్తూ పండక్కి ఊరొచ్చిన మనవడి భుజం మీద సింహమో త్రిశూలమో. ఇద్దరూ పడింది ఒకటే నొప్పి. ఆ తర్వాత చేయాల్సిందీ ఒకటే... గాయాన్ని సరిగ్గా మాననివ్వడం. అవ్వకు ఆ సంగతి పొడిచినామే కూర్చోబెట్టి చెప్పి వెళ్లేది. మనవడు మాత్రం బండెక్కి, ఎండలో ఇంటికొచ్చేస్తాడు.

ఒకప్పుడు సీమ పల్లెల్లో ఈ పని ఎరుకల స్త్రీలది. గంప నెత్తిన పెట్టుకుని సోది చెబుతూ వచ్చేవారు, పచ్చ పొడిచేవారు. చచ్చాక వెంట వచ్చేది ఇదొక్కటేనని నమ్మకం కాబట్టి, ఆడపిల్ల ఏడ్చినా అమ్మలు పట్టుకుని మరీ పొడిపించేవారు. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటుగా పనిచేసిన ఎడ్గార్ థర్‌స్టన్ 1906లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సిరా తయారీని రాసిపెట్టాడు. పసుపు, అవిసాకు కలిపి నూరి, బట్టకు పట్టించి, వత్తి చేసి ఆముదం దీపంలో వెలిగించేవారు. పైన బోర్లించిన కుండకు పట్టిన మసిని గీకి, నీళ్లతోనో చనుబాలతోనో కలిపేవారు. సూదులు కట్టగట్టి పొడిచేవారు. పనయ్యాక పసుపు, ఆముదం పూత! అదే అప్పటి ఆయింట్‌మెంటు.

మసి నల్లగా ఉంటే బొట్టు పచ్చగా ఎందుకు కనిపిస్తుంది? నల్లరంగు చర్మం లోపలి పొరలో ఉండటంతో దాని మీద పడే వెలుగు చెదిరి నీలిపచ్చగా తోస్తుంది. అంతే, సిరాలో మాయేం లేదు.

లోపల జరిగేది ఇదీ...

సూది పైచర్మాన్ని దాటి, ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతులో రంగును వదులుతుంది. శరీరానికి అదొక దాడి. కాపలా కాసే కణాలు పరుగెత్తుకొచ్చి రంగు రేణువుల్ని మింగేస్తాయి. అరిగించుకోలేక వాటిని కడుపులో పెట్టుకునే అక్కడ ఉండిపోతాయి. 2018లో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకల మీద ప్రయోగం చేసి ఇంకో విశేషం తేల్చారు. ఆ కణం చనిపోతే రంగు బయటపడుతుంది, పక్కనే పుట్టిన కొత్త కణం మళ్లీ దాన్ని మింగుతుంది. ఒకరి తర్వాత ఒకరు మోస్తూ ఉండటం వల్లే అవ్వ చేతి మీది తేలు అరవై ఏళ్లయినా చెరగలేదన్నమాట.

పైన గాయం మానడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. లోపలి పొరలు పూర్తిగా కుదుటపడటానికి నెలలు. మొదటి రెండు మూడు రోజులు ఎర్రబడి, కాస్త వాచి, రసి కారుతుంది. దానికి కంగారు అక్కర్లేదు. తర్వాత పల్చటి పక్కు కడుతుంది. వారం దాటేసరికి పొట్టు రాలుతూ దురద మొదలవుతుంది. అసలు పరీక్ష అప్పుడే! గోకితే పక్కుతో పాటు రంగూ ఊడివస్తుంది, ఆ చోట బొట్టు వెలిసిపోతుంది. దురదగా ఉంటే పైన మెత్తగా తట్టాలి కానీ గోరు తగలనివ్వకూడదు.

ఎండ, దుమ్ము, నీళ్లు

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేల ఇది. నైరుతి మేఘాలను పడమటి కనుమలే అడ్డుకుంటాయి. వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆషాఢంలో గాలి దుమ్మును ఎత్తిపోస్తుంది. శనక్కాయ చెట్లు పీకి, కాయలు కోసే రోజుల్లో ఒళ్లంతా మట్టే. పచ్చి గాయానికి ఇంతకన్నా శత్రువులు ఉంటారా? కుర్రాళ్లు సరిగ్గా వేసవి సెలవుల్లోనే పొడిపించుకోవడం మరీ విడ్డూరం. చలికాలమైతే చెమట పట్టదు, సగం బాధ తప్పుతుంది.

రోజుకు రెండుసార్లు, సబ్బుతో చేతులు కడుక్కున్నాకే బొట్టును ముట్టుకోవాలి. డ్రమ్ముల్లో, తొట్లలో రోజుల తరబడి నిలవున్న నీళ్లు వాడొద్దు. కాచి చల్లార్చిన నీళ్లు, వాసన లేని సబ్బు చాలు. రుద్దకుండా శుభ్రమైన నూలుబట్టతో అద్ది, ఆయింట్‌మెంటు పల్చగా రాయాలి. దిట్టంగా పూస్తే గాలాడక చెమట కింద నాని చెడుతుంది. పక్కు ఊడేదాకా బావిలో ఈతలు, కోనేటి మునకలు బంద్. పొలం వెళ్లక తప్పకపోతే పొడుగు చేతుల వదులు నూలు చొక్కా తొడుక్కోవాలి. పచ్చి గాయం మీద సన్‌స్క్రీన్ క్రీము రాయకూడదు, అది పూర్తిగా మానాక సంగతి.

మరి అవ్వల పసుపు? పసుపుకు మంచి గుణాలున్న మాట నిజమే. కానీ వంటింటి డబ్బాలోని పసుపులో ఏం కలిసిందో, ఎన్ని చేతులు తగిలాయో ఎవరికి తెలుసు? బూడిద, ఆకుపసర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. తెరిచిన గాయం మీద ఇవేవీ వద్దు.

జాతర సూదితో జాగ్రత్త

జాతరల్లో, తిరునాళ్లలో నేల మీద పట్టా పరిచి, బ్యాటరీ మిషనుతో నిమిషాల్లో పేరు పొడిచేవాళ్లుంటారు. అక్కడ చూడాల్సింది బొమ్మల అట్ట కాదు, సూది. మీ కళ్లముందే కొత్త సూది ప్యాకెట్టు విప్పారా? రంగు మీకోసం విడిగా పోశారా, అందరికీ ఒకే మూతలోదేనా? ఒకరికి వాడిన సూదితో హెపటైటిస్ బి, సి, హెచ్ఐవి కూడా రావచ్చు. ధనుర్వాతం ఇంజెక్షన్ వేయించుకుని ఎన్నాళ్లయిందో ముందే చూసుకోవాలి. మధుమేహం ఉన్నవాళ్లు, గాయం మానాక మచ్చ ఉబ్బెత్తుగా పెరిగే ఒంటితీరు ఉన్నవాళ్లు డాక్టరును అడిగాకే ముందుకెళ్లాలి.

మూడు రోజులు దాటినా ఎర్రదనం తగ్గకుండా చుట్టూ పాకుతున్నా, ముట్టుకుంటే కాలుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా ఇంటివైద్యం ఆపి ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఎర్రరంగు కొందరికి నెలల తర్వాత కూడా దద్దురు తెప్పిస్తుంది.

ఇంకో మాట. ఈ జిల్లా మైదానాల్లో తెల్లవారుజామునే పరుగులు తీస్తూ మిలటరీ ఉద్యోగం కోసం కష్టపడే కుర్రాళ్లు చాలామందే. సైన్యం నిబంధనల ప్రకారం మోచేయి నుంచి మణికట్టు వరకు లోపలివైపు, అరచేతి వెనకవైపు మాత్రమే పచ్చబొట్టుకు అనుమతి. సంప్రదాయంగా పొడిపించుకునే గిరిజనులకు మినహాయింపు ఉంది. భుజం మీద సింహం వేయించుకున్నాక ఈ సంగతి తెలిస్తే మిగిలేది లేజర్ ఒక్కటే. నల్లరంగు కాస్త తేలిగ్గానే పోతుంది, పచ్చ, లేత నీలం మొండివి. ఒక్క సిట్టింగుతో అయ్యే పని కాదు. వారాల ఎడంతో పలుమార్లు తిరగాలి. ప్రతిసారీ చర్మం మళ్లీ ఎర్రబడి, పక్కు కడుతుంది. ఎండ తగలకూడదు, గోకకూడదు, నీళ్లలో నానకూడదు... చెరిపించుకోవడానికీ మళ్లీ అదే పథ్యం.