గద్దకు తెలియకుండా గద్ద బొమ్మ

కోడిపిల్లలున్న ఇంట గద్ద నీడ పడితే చాలు, మన తల్లులు చీపురో చేటో పట్టుకొని వాకిట్లోకి పరుగెత్తుతారు. అదే గద్ద కోసం మూడు కిలోలకు పైగా బరువుండే, లక్షలు ఖరీదు చేసే లెన్సును మోసుకొని తెల్లవారకముందే బీళ్లకు వెళ్లే యౌవనస్థులు ఇప్పుడు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ఇది పనిలేనివారి పని అని పెద్దలు కొందరు అంటారు. నేనలా అనను. అయితే ఆ పొడవాటి లెన్సు దేనికో తెలిసి వాడాలి.

మామూలు 50 మి.మీ. లెన్సుతో పోలిస్తే 400 మి.మీ. లెన్సు ఎనిమిది రెట్లు పెద్దగా చూపిస్తుంది. అంటే 80 గజాల దూరాన ఉన్న పక్షి 10 గజాల్లో ఉన్నట్టు కనబడుతుంది. అయితే పక్షితో పాటు మన చేతి వణుకునూ అది అంతే పెద్దది చేస్తుంది. ఎగిరే డేగను తీయాలంటే షట్టరు సెకనులో రెండు వేలవ వంతు మాత్రమే తెరుచుకోవాలి. 500 మి.మీ. లెన్సును పూర్తిగా తెరిచి 20 మీటర్ల దూరంలోని పక్షిని తీస్తే, స్పష్టంగా వచ్చే లోతు మూరెడు కూడా ఉండదు. కావున కంటి మీదనే గురి నిలపాలి. తోక మసకబారినా ఫరవాలేదు. ఎండ ముదిరితే నేల మీది వేడిగాలి అలలు అలలుగా లేస్తుంది. అప్పుడు ఎంత ఖరీదైన లెన్సు అయినా నీళ్లలోంచి చూసినట్టే చూపిస్తుంది. ఉదయం తొమ్మిది దాటితే ఇల్లు చేరడమే మేలు.

పూర్వం ఇంత పొడవాటి లెన్సులు అరుదు. గనుక గూటి పక్కనే మంచె కట్టి, గుడ్డ కప్పి, దానిలో దాగి కూర్చోవలసి వచ్చేది. ఇంగ్లండుకు చెందిన ఎరిక్ హాస్కింగ్ 1937లో వేల్సులో ఒక గుడ్లగూబ గూటి దగ్గర అలాంటి మాటులోకి చీకట్లో ఎక్కుతుండగా, తల్లి పక్షి వచ్చి గోళ్లతో కొట్టింది. ఆయన ఎడమ కన్ను పోయింది. అయినా 1991లో కన్నుమూసే వరకు పక్షుల ఛాయాచిత్రకారుడిగానే పేరు పొందాడు. ఆ గుడ్లగూబను తప్పు పట్టడానికేముంది? పిల్లలున్న తల్లి అది.

పొడవాటి లెన్సు వచ్చింది ఆ తల్లిని అలా వదిలెయ్యడానికే. దురదృష్టవశాత్తు, చేతిలో అది ఉండి కూడా ఇంకో పది అడుగులు ముందుకు వెళ్దామనేవారే ఎక్కువ. మనిషి గూటి కింద నిలబడితే తల్లి లేచిపోతుంది. గంటసేపు నీడ లేకపోతే మన ఎండలకు గుడ్లు చెడిపోతాయి, పిల్లలు వాడిపోతాయి. బొమ్మ మాత్రం చక్కగానే వస్తుంది! అలాంటి బొమ్మను మెచ్చుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

నేర్చుకొనేవారికి మొదట అడవి రామదాసు మంచిది. తెలుపు, బూడిద రంగులు కలిసి, ఎర్రని కళ్లతో ఉండే ఈ చిన్న గద్ద కరెంటు తీగల మీద కూర్చుంటుంది. ఎలుక కోసం గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలుస్తుంది కాబట్టి గురి కుదురుతుంది. ఆ తరువాత చలికాలంలో నందికొట్కూరు దగ్గరి రోళ్లపాడుకు వెళ్లవచ్చు. బట్టమేక పిట్టల కోసం 1988లో ఏర్పడిన అభయారణ్యమది. బట్టమేకలు దాదాపు కనుమరుగైనా, కజకిస్తాన్ వైపు నుండి పిల్లిగద్దలు వస్తాయి. పగలంతా బీళ్ల మీద, శనగ చేల మీద తక్కువ ఎత్తులో తిరుగుతూ మిడతలను ఏరుకొని తింటాయి; రైతుకు కూలి అడగని పనివారు. పొద్దు గూకితే గడ్డిలో నేల మీదనే గుంపుగా పడుకుంటాయి. జీపును చూసి అంతగా బెదరవు, దిగిన మనిషిని చూసి బెదురుతాయి. ఇంజను ఆపి, లోపలే కూర్చొని, కిటికీ మీద బియ్యపు సంచి పెట్టి దానిపై లెన్సు ఆనించాలి. పడుకొన్న చోట లేపితే, వేల మైళ్లు ఎగిరి వచ్చిన పక్షికి ఆ రాత్రి విశ్రాంతి ఉండదు.

ఇంతటి వలస పక్షులను ఒక కెమెరా కాపాడిన సంగతి కూడా చెప్పాలి. నాగాలాండులోని దొయాంగ్ జలాశయం వద్దకు ప్రతి అక్టోబరులో లక్షలాది అమూర్ డేగలు వచ్చి దిగుతాయి. 2012లో పాత్రికేయురాలు బానో హరాలు, ఆమె సహచరులు అక్కడికి వెళ్లి చేపల వలల్లో చిక్కి చస్తున్న డేగలను చిత్రించారు. ఆ ఒక్క కాలంలోనే లక్షా ఇరవై వేలకు పైగా చంపబడినట్టు వారి అంచనా. అవి గోడకు తగిలించుకొనే అందమైన బొమ్మలు కావు, చూడలేని బొమ్మలు. వాటిని చూశాక ప్రభుత్వం, గ్రామ సభలు, అక్కడి బాప్టిస్టు సంఘాల పెద్దలు కదిలారు. 2013లో ఆ వలలు లేవలేదు.

అదే నవంబరులో మూడు డేగలకు ఉపగ్రహానికి సంకేతాలు పంపే చిన్న పరికరాలు కట్టి వదిలారు. నాగా, వోఖా, పాంగ్టీ అని వాటికి పేర్లు పెట్టారు. అవి బంగాళాఖాతపు తీరం దాటి, మన తెలుగు నేల మీదుగా దక్కనును దాటి, అరేబియా సముద్రం మీద ఎక్కడా దిగకుండా ఆఫ్రికా చేరాయి.