పాత మోటారు బండ్లు

పాత బండ్లనిన మాకేల యింత ప్రీతియని విద్యార్థులు పలుమారు మమ్మడుగుచుందురు. తరగతిలో చెప్పుటకు వ్యవధి చాలదు గావున నిచ్చట కొంత వ్రాయుచున్నాము.

ఇప్పటి కారు మీట నొక్కినంతనే మేల్కొనును. పూర్వమట్లు గాదు. బండియెదుట నిలిచి, ఇనుప హేండిలును ఇంజనునకు తగిల్చి, బలముకొలది త్రిప్పవలసియుండెను. దీనికొక పద్ధతి కలదు. అమెరికాలో హెన్రీ ఫోర్డు 1908 మొదలు 1927 వరకు కోటి యేబది లక్షలకు పైగా తయారుచేయించిన 'మోడల్ టి' కారునందు, స్టీరింగు చక్రము క్రింద ఎడమవైపున నొక మీట యుండెడిది. సిలిండరులో నిప్పురవ్వ యెప్పుడు పుట్టవలయునో అది నిర్ణయించును. హేండిలు త్రిప్పుటకు ముందు, రవ్వ కొంచె మాలస్యముగా పుట్టునట్లు ఆ మీటను సవరింపవలయును. మరచినయెడల, పిస్టను పైకి వచ్చుచుండగనే పెట్రోలు మండి హేండిలు వెనుకకు తన్నును. అట్లు మణికట్టు విరుగగొట్టుకొన్నవారెందరో! అందుచేతనే బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి, హేండిలును క్రిందికి నొక్కక పైకి లాగవలెనని నేర్పెడివారు. 1912లో ఛార్లెస్ కెటరింగు రూపొందించిన విద్యుత్తు స్టార్టరు కాడిలాక్ కారులలో వచ్చిన పిమ్మట నీ బాధ క్రమముగా తగ్గెను.

రెండవ ప్రపంచయుద్ధ కాలమున (1939-1945) పెట్రోలునకు కరవు వచ్చి మన దేశమున బొగ్గు బస్సులు నడిచెను. రసాయనశాస్త్రము చదువు విద్యార్థులకిది మంచి పాఠము. బస్సు వెనుక నొక పొడవైన ఇనుప పీపాయి యుండును. అందు బొగ్గును చాలీచాలని గాలిలో మండించినచో కార్బన్ మోనాక్సైడు పుట్టును. ఆ వాయువును చల్లార్చి, వడగట్టి, ఇంజనునకు పంపుదురు. బయలుదేరుటకు చాల ముందే క్లీనరు గాలిమర త్రిప్పి నిప్పు రాజవేయవలసియుండెను. పెట్రోలుతో వచ్చు బలము దీనికి లేదు. కావున మెట్ట వచ్చినచోట ప్రయాణికులు దిగి నడచుటయు, అవసరమైనచో త్రోయుటయు కద్దు. టిక్కెట్టు కొన్నవారే బండిని త్రోయుట నేటివారికి వింతగా దోచును! పైగా నా వాయువు ప్రాణాంతకము. మూసిన షెడ్డులో నిప్పు వేయరాదు.

మన చింతలపూడి కావలనున్న సత్తుపల్లి యా దినములలో నైజాము రాజ్యములోనిది. అచ్చట ప్రభుత్వమే 1932లో 27 బస్సులతో రవాణా నారంభించెను. ఇవతల మద్రాసు రాజధానిలో ప్రైవేటు బస్సులు నడచెడివి. ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ యేర్పడినది 1958 జనవరి 11న.

ఇక మేమెరిగిన బండ్లు అంబాసిడరు, జీపు. ఆంగ్లదేశపు మారిస్ ఆక్స్‌ఫర్డు నమూనాపై కలకత్తా చెంత ఉత్తరపారాలో తయారైన అంబాసిడరు 2014లో నిలిచిపోయెను. ఏలూరునుండి పెండ్లివారు అందు ఎనమండుగురు, తొమ్మండుగురు దిగుచుండగా మా బాల్యమున జూచితిమి. బరువైన స్టీరింగు, మందమైన బ్రేకులు. నేటి కారుతో పోల్చిన భద్రత స్వల్పము, పొగ యధికము. పాతదంతయు మేలనువారితో మేమేకీభవింపము. అయినను బానెట్టెత్తినచో ప్రతి భాగమును కంటికి గానవచ్చును. స్పానరు పట్టనేర్చిన పల్లెటూరి మెకానిక్కు చెట్టునీడనే దానిని బాగుచేయగలిగెడివాడు. మా ప్రీతికి కారణమిదియే.

జీపు మొదటి గేరు మరియొక గురువు. బండి కదలుచుండగా నందులోనికి మార్చవలెనన్న, క్లచ్చి నొక్కి న్యూట్రలునకు దెచ్చి, క్లచ్చి వదలి ఇంజను వేగము పెంచి, మరల క్లచ్చి నొక్కి గేరు వేయవలయును. రెండు పళ్లచక్రముల వేగములు సమానము గాకున్న నవి గరగరలాడి యెదిరించును.

మా వ్రాతకు ముఖ్యకారణ మొకటి కలదు. కొందరు తలిదండ్రుల దొడ్లలో తాతలనాటి జీపులు చిలుము పట్టి పడియున్నవి. తూకమునకు అమ్మబోవువారు కొంచె మాగి చూడవలెనని మా కోరిక. 2021లో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదట రిజిష్టరై 50 ఏండ్లు దాటి, గణనీయమైన మార్పులు లేక తొలిరూపముననే యున్న కారులను, మోటారు సైకిళ్లను 'వింటేజి' బండ్లుగా నమోదు చేయించుకొనవచ్చును. క్రొత్త నమోదునకు రుసుము 20,000 రూపాయలు. అది పదేండ్లు చెల్లును. నంబరులో 'వి ఏ' యను అక్షరములుండును. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, చమురు పోయించుటకు మాత్రమే రోడ్డున నడుపవచ్చును గాని, బాడుగకు త్రిప్పరాదు. కావున ఇంజను మార్పించుటకు ముందు, పాత ఆర్.సి. పుస్తకమును వెదకి, అందలి ఇంజను, చాసిస్ నంబరులు బండిపైనున్న వానితో సరిపోవుచున్నవేమో చూచుకొనవలయును.