అమెరికా కళాశాల ఫుట్‌బాల్‌లో రన్నింగ్‌బ్యాకుల నిల్వబలము

ఫుట్‌బాల్ అనగానే మనకు కాలితో బంతిని తన్ను ఆట స్ఫురించును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఆ పేరు వేరొక ఆటకు చెల్లుచున్నది. అందులోని బంతి గుండ్రముగ గాక, రెండు కొనలు తేలి కోలగ నుండును. దానిని చేతితో పట్టుకొని పరుగెత్తవచ్చును, విసరవచ్చును. మైదానము 100 గజముల పొడవు, 53 గజములకు కొంచెము మించిన వెడల్పు గలది. పక్షమునకు 11 మంది చొప్పున ఆడుదురు. బంతి చేతిలో నున్న పక్షము నాలుగు యత్నములలో 10 గజములు ముందుకు సాగవలెను. లేనిచో బంతి ఎదుటి పక్షమునకు పోవును.

ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అను నాయకుని చేతినుండి బంతి నందుకొని, ఎదుటివారి గోడను చీల్చుకొని పరుగెత్తువానిని రన్నింగ్‌బ్యాక్ అందురు. చెడుగుడులో కూతకు వచ్చినవానిని నలుగురు చుట్టుముట్టి పట్టినట్లే ఇతనిని కూడ పట్టి పడవేయుదురు. అయితే ఇచ్చట ఇరుపక్షములవారును పూర్తివేగముతో వచ్చి ఢీకొందురు. కావున ప్రతి సంవత్సరము కొత్త సీజను మొదలగుటకు ముందు, ఆగస్టు మాసములో, ప్రతి కళాశాల శిక్షకుడు ఒక ప్రశ్నకు సమాధానము వెదకుకొనును: “మొదటివాడు పడిపోయినచో బంతి మోయువాడెవడు?” ఈ ప్రశ్న వెనుక భౌతికశాస్త్రము, శరీరశాస్త్రము, గణితము మూడును దాగి యున్నవి.

తాకిడిలోని లెక్క

100 కిలోగ్రాముల బరువు గల యువకుడు సెకనుకు 7 మీటర్ల వేగముతో పరుగెత్తుచున్నాడనుకొనుడు. రెండున్నర మీటర్ల ఎత్తునుండి క్రింద పడు వస్తువు నేలను తాకునప్పటి వేగము కూడ ఇంతియే. అతని ద్రవ్యవేగము, అనగా ద్రవ్యరాశిని వేగముతో గుణింపగ వచ్చు ఫలితము, 700 ప్రమాణములు. ఎదుటివారు అతనిని సెకనులో అయిదవ వంతు కాలములో నిలిపివేసినచో, అతనిపై పనిచేయు సగటు బలము 3,500 న్యూటన్లు అగును. ఇది అతని శరీరభారమునకు మూడున్నర రెట్లు. నిలుచుటకు పట్టు కాలము సగమైనచో బలము రెట్టింపగును.

ఈ దెబ్బ ఒకమారు తగులునది కాదు. రన్నింగ్‌బ్యాక్ బంతి నందుకొనిన ప్రతిమారును ఏదో ఒక దిక్కునుండి తగులును. ఒక్క ఆటలో అట్టి మోతలు 15 ఉండవచ్చును, 30 ఉండవచ్చును. మోయని సమయములో సహితము, క్వార్టర్‌బ్యాక్ మీదికి దూకు బలశాలులకు అడ్డుపడుట ఇతని విధియే.

మోకాలు ఎందుకు లొంగును?

మోకాలు ముఖ్యముగ తలుపు బందువలె ముందువెనుకలకు మడతపడు కీలు. ఎముకలను పట్టియుంచునవి నాలుగు సంధిబంధనములు. లోపల కత్తెరవలె అడ్డముగ నున్న రెండింటిలో ఒకటి కాలిఎముక ముందుకు జారకుండ, రెండవది వెనుకకు జారకుండ కాపాడును. ఇరుప్రక్కల నున్న తక్కిన రెండును కీలు ప్రక్కకు విరియకుండ ఆపును. పాదము నేలలో గట్టిగ నాటుకొని యుండగ దేహము మెలితిరిగినను, ప్రక్కనుండి దెబ్బ తగిలినను, తలుపును బందుకు అడ్డముగ విరిచినట్లగును. సంధిబంధనములకు రక్తప్రసారము స్వల్పము. అందువలన తెగినవి అతుకుకొనుట కష్టము. శస్త్రచికిత్స జరిగినను మరల పరుగెత్తుటకు నెలలు పట్టును.

అలసట కూడ ఇందులో పాలుపంచుకొనును. నాలుగైదు సెకనుల మహావేగపు పరుగునకు కావలసిన శక్తిని కండరములు ముఖ్యముగ క్రియాటిన్ ఫాస్ఫేట్ అను నిల్వ పదార్థమునుండి పొందును. ఆ నిల్వ సగము వరకు తిరిగి నిండుటకు సుమారు అరనిమిషము, దాదాపు పూర్తిగ నిండుటకు మూడు మొదలు అయిదు నిమిషములు పట్టును. కాని ఒక యత్నము ముగిసిన పిదప తరువాతిది మొదలుపెట్టుటకు నియమము ఇచ్చు గడువు 40 సెకనులు మాత్రమే. వరుసగ నాలుగైదు మారులు బంతి మోసినవాడు నిండని కుండతోనే మరల బయలుదేరుచున్నాడన్నమాట. మోకాలికి మొదటి కాపరి కండరము. ఆ కాపరి సొలసినచో భారము సంధిబంధనములపై పడును. కనుక రెండవ ఆటగాడు మొదటివాడు గాయపడిన పిదప మాత్రమే పనికివచ్చువాడు కాడు. భారమును పంచుకొని, ఆ గాయమునకు గల అవకాశమునే తగ్గింపగలవాడు.

నిల్వ ఎంత ఉండవలెను?

ఒక్కొక్క ఆటగాడు ఏదేని ఒక ఆటనాడు ఆరోగ్యముగ నుండు సంభావ్యత అయిదింట నాలుగు అనుకొనుడు. ఇది లెక్క కొరకు తీసికొనిన సంఖ్య మాత్రమే. జట్టులో ఒక్కడే రన్నింగ్‌బ్యాక్ ఉన్నచో నూరు ఆటలలో 20 ఆటలకు ఎవరును ఉండరు. ఇద్దరున్నచో ఇద్దరును లేకపోవు ఆటలు 4. ముగ్గురున్నచో ఒకటికంటె తక్కువ. రెండవవాడు 16 ఆటల లోటును తీర్చెను. మూడవవాడు తీర్చినది మూడింటికి కొంచెము మించినది. నాలుగవవాడు తీర్చునది ఒకటికంటె తక్కువ. కళాశాల జట్టులో స్థానములు పరిమితములు. అత్యున్నత శ్రేణి కళాశాలలకు 2024 వరకు 85 విద్యార్థి వేతనముల హద్దు ఉండెను. 2025 నుండి జట్టు మొత్తమునకు 105 మంది అను హద్దు వచ్చినది. కాబట్టి ఈ ఒక్క పనికి పదిమందిని పెట్టుకొనుట తగదు. ముగ్గురు నలుగురు చాలుననుటకు ఆధారము ఈ లెక్కయే.

అయితే ఈ లెక్కలో ఒక మోసము గలదు. ఒకని ఆరోగ్యమునకు ఇంకొకని ఆరోగ్యముతో సంబంధము లేదని అది భావించుచున్నది. నిజమునకు ఒకడు పడిపోయినచో అతని మోత కూడ రెండవవానిపై పడును. దానితో రెండవవానికి గల అపాయము పెరుగును. కాగితముమీది నిల్వకంటె మైదానములోని నిల్వ ఎల్లప్పుడును కొంత తక్కువయే.

నిల్వను అవసరము వచ్చిననాడు కొనితెచ్చుకొనుటకు వీలులేదు. కొత్తవాడు సంకేతములు నేర్వవలెను. అడ్డుపడు విద్య అభ్యసించవలెను. ఆగస్టు ఎండకు అలవాటుపడవలెను. శరీరము వేడికి అలవాటుపడుటకు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. ఆ కాలములో రక్తములోని ద్రవభాగము పెరుగును. చెమట త్వరగ పట్టును. చెమటతో పోవు ఉప్పు తగ్గును. అందుచేతనే అమెరికా జాతీయ కళాశాల క్రీడాసంఘము 2003లో, సాధన మొదలైన తొలి దినములలో పూర్తి కవచములు ధరింపరాదనియు, అయిదు దినములలో క్రమముగ పెంచుకొనవలెననియు నియమము చేసినది.

ఆటగాండ్రను స్వేచ్ఛగ మార్చుకొను వీలు కూడ ఎల్లకాలము లేదు. 1941లో ఆ నియమము సడలింపబడెను. 1953లో మరల బిగింపబడెను. 1965లో కట్టుబాట్లు తొలగింపబడెను. అటుపిమ్మటనే వంతులవారీగ ఆడించుట సులభమైనది.

జార్జియా అనుభవము

జార్జియా రాష్ట్రములో ఏథెన్స్ పట్టణమందలి విశ్వవిద్యాలయపు జట్టు చరిత్ర ఈ విషయమునకు చక్కని ఉదాహరణము. 2014 అక్టోబరులో ఆ జట్టు మేటి రన్నింగ్‌బ్యాక్ టాడ్ గర్లీ నియమభంగము కారణముగ నాలుగు ఆటలకు దూరమయ్యెను. ఆ స్థానములో మొదటి సంవత్సరపు విద్యార్థి నిక్ చబ్ నిలిచెను. నవంబరు 15న గర్లీ తిరిగి వచ్చి, ఆ ఆటలోనే మోకాలి లోపలి ముందు బంధనము తెగి కూలెను. చబ్ ఆ సీజనులో 1,547 గజములు పరుగెత్తెను.

మరుసటి సంవత్సరము, 2015 అక్టోబరు 10న, టెన్నెసీతో జరిగిన ఆటలో తమ జట్టు తొలి యత్నములోనే చబ్ ఎడమ మోకాలు దెబ్బతినెను. నాలుగు బంధనములలో మూడు తెగినవి. ఈమారు సోనీ మిషెల్ ఆ భారమును వహించి, సీజను ముగియునాటికి వేయి గజములు దాటెను.

ఇక 2016 వేసవి. చబ్ మోకాలు ఎంతవరకు నిలుచునో ఎవరికిని తెలియదు. కొత్త శిక్షకుడు కర్బీ స్మార్ట్‌కు ఇది తొలి సీజను. ఇంతలో జూలైలో నాలుగు చక్రముల చిన్న వాహనము ప్రమాదమునకు లోనై మిషెల్ ముంజేయి విరిగెను. గట్టివనుకొన్న రెండు స్తంభములును ఒక్కసారిగ సందేహాస్పదములైనవి. సెప్టెంబరు 3న నార్త్ కరోలినాతో జరిగిన మొదటి ఆటకు మిషెల్ లేడు. గాయపడి పదకొండు నెలలు నిండకమునుపే చబ్ 32 మారులు బంతి మోసి 222 గజములు సాధించెను. జట్టు 33–24 తేడాతో గెలిచెను. ప్రేక్షకులకు అది పండుగ. కాని అప్పుడే కుదురుకొనిన మోకాలిపై ఒక్క దినమున 32 తాకిడులు పడినవన్న లెక్క కూడ అందులోనిదే.

2017లో దృశ్యము మారినది. చబ్, మిషెల్ ఇద్దరును వృత్తి క్రీడలోనికి పోక చివరి సంవత్సరమునకు కళాశాలలోనే నిలిచిరి. డిఆండ్రే స్విఫ్ట్ అను కొత్త విద్యార్థి తోడయ్యెను. 15 ఆటలలో చబ్ 223 మారులు, మిషెల్ 156 మారులు, స్విఫ్ట్ 81 మారులు బంతి మోసిరి. చబ్ వంతునకు ఆటకు 15 మోతలు మాత్రమే వచ్చినవి. 2018 జనవరి 1న ఓక్లహోమాతో జరిగిన రోజ్ బౌల్ ఆట రెండవ అదనపు ఘట్టమునకు పోయినది. అప్పుడు మిషెల్ 27 గజములు పరుగెత్తి ఆటను ముగించెను. సరిగ వారము తిరుగగనే అలబామాతో జరిగిన జాతీయ విజేత నిర్ణయపు ఆటలో జార్జియా 26–23 తేడాతో ఓడినది. నిల్వబలము గెలుపును నిశ్చయము చేయదు. సీజను చివరిదాక నిలుచు అవకాశమును పెంచును.

ఇందులో ఆటకంటె పెద్ద విషయము ఒకటి గలదు. తలకు దెబ్బ తగిలి మెదడు కలతచెందిన లక్షణములు కనబడిన విద్యార్థిని వెంటనే బయటికి పంపవలెననియు, ఆ దినము మరల ఆడింపరాదనియు 2010 నుండి క్రీడాసంఘపు నియమము. వెనుక మరియొకడు సిద్ధముగ నున్న శిక్షకుడు ఈ నియమమును వెనుకాడక పాటించును. ఎవరును లేనివాడు “ఇంకొక్క యత్నము” అను ఆశకు లోబడవచ్చును. చబ్ ఎడమ మోకాలు 2023 సెప్టెంబరులో, వృత్తి క్రీడలో, మరల తీవ్రముగ గాయపడెను. సీజనుకు ముందు శిక్షకుడు వ్రాసికొను పట్టికలో రెండవ పేరు, మూడవ పేరు కేవలము జట్టుకు కాపు కావు. మొదటి పేరు గల యువకుని దేహమునకు కూడ అవి కాపు.