గలగలలాడు కాయ

ఐరోపా, అమెరికా ఖండములందు నీలిపూల గుత్తులతో ఒప్పు లూపిన్ మొక్క మన అడవులలో సహజముగా పెరుగునది కాదు. దాని చుట్టములగు చిక్కుడు కుటుంబపు అడవి మొక్కలు మాత్రము నాచారము, ఉప్పల్ ప్రాంతపు బీళ్ళలోను పొదలలోను కలవు. వానిని గుర్తించుటకు పూవు రంగు చాలదు. ఆకును, కాయను చూడవలెను.

వెంపలికి ఈనెకు ఇరువైపుల చిన్న ఆకులు, ఊదా పూలు, బల్లపరుపు కాయలు ఉండును. చిట్టాకు కొనను పట్టి లాగినచో బాణపు మొనవలె తెగును.

జనుము జాతికి చెందిన గిలిగిచ్చ కాయ ఉబ్బియుండును. ఎండిన పిదప కదిపినచో లోని గింజలు గలగలమనును. ఈ జాతిలో కొన్నింటి గింజలు కాలేయమును చెరచును. నేటి ఛత్తీస్‌గఢ్‌లోని సర్గుజా జిల్లాలో 1970వ దశకమున అట్టి గింజలు సామలలో కలిసి, తిన్నవారికి కడుపున నీరు చేరి, పలువురు మరణించిరి. నాచారమునకు చేరువనే, తార్నాకలోనున్న జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు ఆ వ్యాధిని పరిశోధించిరి.

కావున చిరుధాన్యములను చెరిగి, గింజ గింజ ఏరి వండుకొందము. ఆ కాయను గలగలలాడించు పిల్లలను గింజలు నోట పెట్టుకొననీయకుందము.