20 కిలోల టాప్, అర మిల్లీమీటరు అనుమానం

చికాగోలో జనవరి రాత్రులు సగటున మైనస్ 7 డిగ్రీలదాకా దిగుతాయి. గాలికి తల ఒగ్గి తిరగడానికి పుట్టిన మాజ్దా మియాటా 1989 ఫిబ్రవరిలో లోకానికి మొదట కనిపించింది ఆ ఊరి ఆటో షోలోనే. రెండు సీట్లు, మడిచే గుడ్డ టాప్, దానికి వెనక ప్లాస్టిక్ కిటికీ. ఆ చలిలో కూడా బండి నడపాలనుకునేవాళ్లకు విడిగా బిగించుకునే గట్టి టాప్, అంటే హార్డ్‌టాప్ ఉంది. దాన్ని అక్టోబరులోనే బిగించినవాళ్లు బుద్ధిమంతులు. జనవరిదాకా సాగదీసిన మిగతావాళ్ల కోసం ఈ లెక్కలు.

ఈ టాప్ బరువు 20 నుంచి 23 కిలోలు. 25 కిలోల బియ్యం బస్తా కన్నా తక్కువే కదా అనిపిస్తుంది. బస్తానైతే భుజాన వేసుకుంటాం. ఇది వెనక అద్దంతో సహా ఒకటే పెంకు, చేతికి పట్టు చిక్కదు. ఒక్కరే ఎత్తబోతే ముందు గీతలు పడేది కారు రంగుకే. చెరోవైపు ఒకరు నిలబడాలి, బెల్టు బకిల్, ఉంగరాలు తీసేయాలి, వెనక డిక్కీ మీద పాత దుప్పటి పరచాలి.

బిగించే చోట్లు ఆరు: ముందద్దం పైపట్టీ దగ్గర 2, తలుపుల వెనక 2, డిక్కీకి ముందున్న భాగంలో 2. ఎండాకాలంలో సులువుగా పడిన ముందు గొళ్లేలు చలిలో మొరాయిస్తాయి. "చలికి ఇనుము ముడుచుకుపోయింది" అని అందరూ తేల్చేస్తారు. లెక్క వేసి చూద్దాం. ఉష్ణోగ్రత ఒక్క డిగ్రీ తగ్గితే మీటరు పొడవున్న స్టీలు 0.012 మిల్లీమీటర్లు ముడుచుకుంటుంది. గ్యారేజీలో 20 డిగ్రీలు, బయట మైనస్ 7 ఉంటే తేడా 27 డిగ్రీలు. 1.2 మీటర్ల వెడల్పుకు ముడత 0.39 మిల్లీమీటర్లు. హోండా ఎస్2000కు వచ్చిన అల్యూమినియం టాప్ అయితే 0.75. కారు స్టీలు బాడీ కూడా ముడుచుకుంటుంది కాబట్టి రెండింటి మధ్య మిగిలే తేడా 0.36 మాత్రమే. మీ జేబులో ఉన్న ఏటీఎం కార్డు మందంలో సగం!

అసలు దోషి రబ్బరు బీడింగ్. గ్యారేజీలో బొటనవేలితో నొక్కితే మెత్తగా దిగి, వేలు తీయగానే లేచే బీడింగ్, రాత్రంతా బయట ఉంటే చెప్పు అట్టలా బిగుసుకుంటుంది. అది అణగకపోతే టాప్ కిందికి కూర్చోదు, గొళ్లెం కొక్కేనికి అందదు. అప్పుడు చాలామంది చేసే తప్పు, గొళ్లెం మరను తిప్పి పొడవు పెంచి బలవంతంగా బిగించడం. ఏప్రిల్‌లో రబ్బరు మెత్తబడగానే ఆ బిగువు వదులై టాప్ గలగలమంటుంది.

మందు చవకైనదే. టాప్‌ను ముందు రోజు రాత్రే వెచ్చని చోటికి చేర్చండి. బీడింగ్‌కు పలచగా సిలికాన్ గ్రీజు పట్టించండి. వేజలిన్, ఇంజిన్ ఆయిల్ మాత్రం వద్దు. కారు బీడింగుల్లో ఎక్కువగా వాడే ఈపీడీఎం రబ్బరు పెట్రోలియం నూనెల్ని పీల్చి ఉబ్బుతుంది. ఆరు చోట్లా ముందు వదులుగా తగిలించి, ఆ తర్వాతే ఒక్కొక్కటీ కొంచెం కొంచెంగా బిగించాలి. ఒక మూల పూర్తిగా బిగించేస్తే ఎదుటి మూల లేచి కూర్చుంటుంది.

వెచ్చదనంతో ఒక చిక్కు ఉంది. 20 డిగ్రీల దగ్గర, 50 శాతం తేమ ఉన్న గాలిలో ఘనపు మీటరుకు దాదాపు 8.7 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 7 దగ్గర గాలి 3 గ్రాములు కూడా మోయలేదు. అందుకే బయటి షెడ్డు నుంచి తెచ్చిన టాప్ 9 డిగ్రీలు దాటేదాకా చెమటలు కక్కుతుంది. ఆ తడి మీదే బిగించి బయటికి తీస్తే బీడింగ్ మధ్య మంచుగడ్డ కడుతుంది. నూలుగుడ్డతో తుడిచి, గొళ్లేల సందులు కూడా ఆరాయో లేదో చూసుకోవాలి.

గుడ్డ టాప్‌నూ మరవొద్దు. అది హార్డ్‌టాప్ కింద మడిచే ఉంటుంది. తడిగా మడిస్తే వసంతానికి బూజు ఖాయం. దాని ప్లాస్టిక్ కిటికీని చలిలో మడిస్తే అప్పడంలా పగులుతుంది. వెచ్చని గ్యారేజీలోనే, ముందు జిప్పు తీసి కిటికీని చదునుగా పరిచాకే టాప్ దించండి. డీఫాగర్ ఉన్న హార్డ్‌టాప్ అయితే వెనక అద్దం వైరు కలిపి, స్విచ్ వేసి చూశాకే బండి బయటికి తీయండి.