జర్మనీ నర్సింగ్ శిక్షణ: అపోహలు – వాస్తవాలు

జర్మనీలో నర్సు కావాలంటే సాధారణంగా మూడేళ్ల ‘ఆస్‌బిల్డుంగ్’ చేయాలి. పని నేర్చుకుంటూ జీతం అందుకునే శిక్షణ ఇది. ఇంటర్ పూర్తయిన తెలుగు పిల్లలు చాలామంది దీనివైపు చూస్తున్నారు. ఈ ఆసక్తితోపాటే ఒక అబద్ధమూ ఊళ్లకు చేరి కుటుంబాలను అప్పులపాలు చేస్తోంది.

అపోహ: లక్షలు పోసి సీటు కొనుక్కోవాలి.

వాస్తవం: అమ్మకానికి సీటంటూ ఏదీ లేదు. ఆసుపత్రి గానీ వృద్ధుల సంరక్షణ కేంద్రం గానీ అభ్యర్థితో నేరుగా ఒప్పందం రాసుకుంటుంది. 2020 జనవరి 1న అమల్లోకి వచ్చిన నర్సింగ్ వృత్తుల చట్టం ప్రకారం ఈ శిక్షణకు స్కూలు ఫీజు ఉండదు. కనీసం 2,100 గంటల తరగతులు, 2,500 గంటల ఆచరణ శిక్షణ ఉంటాయి. ఆ మూడేళ్లూ నెలనెలా జీతం వస్తుంది. 2024లో ప్రభుత్వ రంగ వేతన ఒప్పందం ప్రకారం అది మొదటి ఏడాది సుమారు 1,340 యూరోలు, మూడో ఏడాది సుమారు 1,500 యూరోలు. బీమా, పింఛను కోతలు పోయాక మిగిలిన దాంట్లోనే అద్దె, తిండి గడవాలి. పొలం తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకు వడ్డీ కట్టడం ఆ జీతంతో అయ్యే పని కాదు. పైగా మొదటి 6 నెలలు ప్రొబేషన్. ఆలోగా ఒప్పందం రద్దయినా అప్పు మాత్రం తల మీదే ఉంటుంది.

భాషా తరగతులు, పరీక్ష, అనువాదాలు, వీసా న్యాయమైన ఖర్చులే. విదేశీ ఉద్యోగాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు సైతం 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి సేవా రుసుము తీసుకోకూడదు.

అపోహ: బీఎస్సీ నర్సింగ్, జీఎన్ఎం చేసినవాళ్లూ మళ్లీ మూడేళ్లు చదవాలి.

వాస్తవం: అక్కర్లేదు. వాళ్లకు అర్హత గుర్తింపు అనే వేరే మార్గం ఉంది.

అపోహ: అది ముసలివాళ్లకు సేవ చేసే పనే, నర్సింగ్ కాదు.

వాస్తవం: ఇందులో కొంత నిజముందని ఒప్పుకోవాలి. ఇక్కడ ఆయాలు, బంధువులు చేసే స్నానం చేయించడం, డైపర్ మార్చడం వంటి పనులు అక్కడ నర్సు పనిలో భాగం. అయితే రోగికి ఏ సంరక్షణ అవసరమో అంచనా వేసి, దాన్ని నడిపించే బాధ్యతను చట్టం అర్హత పొందిన నర్సులకే అప్పగించింది. ఈ పని మనసుకు పట్టనివాళ్లు వెళ్లకపోవడమే మేలు.

వెళ్లాలనుకునేవారు ముందు జర్మన్ నేర్చుకోవాలి. వీసాకు సాధారణంగా బీ1 స్థాయి కావాలి, చాలా నర్సింగ్ స్కూళ్లు బీ2 అడుగుతాయి. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూడాలి. తెలంగాణవారు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను అడగవచ్చు. ఒప్పందం చూపకుండా డబ్బు అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకూడదు.